మావారి గాలం... నా అయిదు షరతులు!

ఆదివారం వచ్చిందంటే ఒక్కో ఇంట్లో ఒక్కో గొడవ. ఒకరి శ్రీవారికి పేకాట, ఇంకొకరి శ్రీవారికి క్రికెట్, మరొకరికి ఇల్లు పట్టకుండా తిరిగే స్నేహితులు. మా ఇంట్లో మాత్రం గాలం!

మాది గోదావరిఖని. మావారు సింగరేణిలో ముప్ఫై నాలుగేళ్ళు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి 2019లో రిటైరయ్యారు. బొగ్గుబావుల మధ్య బతికే ఊరు కాబట్టి మాకు అందరిలాగా వేళలుండవు. పొద్దటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు... ఈ మూడింటి చుట్టూనే మా వంట, పిల్లల చదువు, నిద్ర. ఆ మధ్యలో ఏ కాస్త తీరిక దొరికినా మావారు వెదురుకర్ర భుజాన వేసుకుని గోదారికి బయల్దేరేవారు.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. ఒక వెదురుకర్ర, తంగూసు దారం, నీళ్ళమీద తేలడానికి బెండు, దారం మునగడానికి చిన్న సీసం గుండు, చివర కొక్కెం. ఎరకు మాత్రం నా వంటిల్లే దిక్కు! చపాతీలకని తడిపిపెట్టిన పిండిలో ఒక ముద్ద మాయం. పల్లీలపొడి డబ్బా సగం ఖాళీ. రవ్వ చేపకు, బొచ్చెకు తవుడు కలిపిన పిండిముద్ద ఇష్టమట. జెల్లలకు ఎర్రలు కావాలట. కొర్రమట్టకయితే బతికున్న చిన్న చేపో, కప్పపిల్లో కావాలట. ఆ కప్పపిల్లల డబ్బా ఒకసారి నా బియ్యం డబ్బా పక్కన కనిపించిన రోజు ఇంట్లో ఎంత రాద్ధాంతం జరిగిందో మీరే ఊహించుకోండి!

"ఏందయ్యా, ఇయ్యాల గుడ పోవుడేనా?" అని నేను సాధిస్తే ఆయన ఒకటే మాట అనేవారు. "ఎనిమిది గంటలు బాయిల చీకట్ల ఉండొచ్చినోనికి నీళ్ళను సూస్తె పానం లేచొస్తదే. నువ్వు ఒక్కసారి దిగి సూస్తె ఎరికైతది."

ఆ మాటకు నా దగ్గర జవాబుండేది కాదు. పైగా మరో సంగతి కూడా ఉంది. మా లైన్‌లో ఎంతమంది ఇల్లాళ్ళు జీతం రోజున బెల్టు షాపు ముందు కాపలా కాసేవారో నాకు తెలుసు. గాలం పట్టుకున్న చేతికి సీసా పట్టుకునే తీరిక ఉండదు. చపాతీపిండి పోతే పోయిందిలే అని సర్దుకున్నాను.

నిండిన గోదారి

మా దగ్గర గోదారి ఒకప్పుడు వానాకాలంలో ఉరకడం, ఎండాకాలంలో ఇసుకమేటలూ మడుగులూ మిగలడం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే ఇంత పెద్ద నదిని, వేసవిలో మేము చెప్పులు చేతబట్టుకుని దాటిన రోజులున్నాయి. తర్వాత మాకు ఎగువన ఎల్లంపల్లి దగ్గర శ్రీపాదసాగర్ ప్రాజెక్టు వచ్చింది. అందులో 20 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి. 2019లో దిగువన సుందిళ్ళ దగ్గర పార్వతి బ్యారేజీ వచ్చింది. ఇక వెనక్కి ఎగదన్నిన నీళ్ళతో మా గోదావరి వంతెన కింద ఎండాకాలంలో కూడా నీళ్ళే నీళ్ళు!

మావారి రిటైర్మెంటూ, నిండిన గోదారీ ఒకే ఏడాది వచ్చాయి. ఇంక చెప్పాలా? వారానికి ఒక్కరోజున్న గాలం వారానికి నాలుగు రోజులయింది. వంతెన దగ్గర గట్టుమీద రిటైరయినవాళ్ళంతా వరసగా గొడుగులు పెట్టుకుని కూర్చునేవారు. ఇంటికి వచ్చాక ఎవరి చేప పెద్దదో ఫోన్లో పంచాయితీ.

నేను గాలాన్ని పొయ్యిలో పెట్టిన రోజు

2021 వానాకాలం. ఆ రోజు మావారు గట్టుమీద కూర్చోలేదు. మోకాటిలోతు నీళ్ళలో నడిచి ఏటి మధ్యలో ఒక బండ మీదికి వెళ్ళారు. అక్కడ వాలుగలు తగులుతున్నాయని ఎవరో చెప్పారట. ఒక్కరే వెళ్ళారు. మా ఊళ్ళో వాన లేదు, ఎండ కాస్తోంది. కానీ ఎగువన ఎక్కడో కురిసిన వాన ఏటికి తెలుసు, మనకు తెలియదు కదా! దూరంగా సైరన్ మోగిందని, అది ఏదో బావి సైరన్ అనుకున్నానని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

చూస్తుండగానే వచ్చిన దారి మునిగిపోయింది. మోకాటిలోతు నడుం లోతయింది, నడుం లోతు ఛాతీ లోతయింది. బండ మీద నిలబడటానికి రెండడుగుల చోటు మిగిలింది. గట్టుమీది నుంచి ఎవరో చూసి కేకలేస్తే, చేపలు పట్టేవాళ్ళు ఇద్దరు తెప్ప వేసుకుని, తాడు కట్టుకుని వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చారు. వాళ్ళ కడుపు చల్లగుండ!

రాత్రి ఎనిమిదింటికి తడిబట్టలతో గుమ్మంలో నిలబడ్డారు మావారు. నేను ఏడవలేదు. కోప్పడలేదు. చేతిలోంచి వెదురుకర్ర తీసుకుని మూడు ముక్కలు చేసి నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టాను.

బావి పని చేసేవాళ్ళ ఇల్లాళ్ళకు నా బాధ తెలుస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళు నేను గడియారం చూస్తూ బతికాను. షిఫ్టు దిగే వేళ దాటి అరగంటయితే చాలు, గుండె దడదడ. వేళకాని వేళ అంబులెన్సు చప్పుడు వినిపిస్తే వీధిలో ఆడవాళ్ళమంతా గుమ్మాల్లోకి వచ్చి ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. రిటైరయ్యాక ఆ గడియారానికి దండం పెట్టి పక్కన పడేశాను. ఇప్పుడు మళ్ళీ ఏటి కోసం గడియారం చూడమంటే నావల్ల కాదు. ఆ మాటే చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు. మళ్ళీ గోదారి పేరెత్తలేదు.

కానీ అసలు కష్టం అప్పుడే మొదలయింది. మనిషి ఇంట్లోనే ఉన్నా లేనట్టే. పొద్దున లేచి కుర్చీలో కూర్చుంటే టీవీ ముందే మధ్యాహ్నమయ్యేది. అన్నం సహించదు, నిద్ర పట్టదు. బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండయ్యాయి. బావిలో పనిచేసిన మనిషికి పని పోతే చేతులు పోయినట్టుంటుందని నాకు అప్పుడు అర్థమయింది. అయినా మనసు రాయి చేసుకున్నాను. మనిషి దిగులుగా ఉంటే బతిమాలుకోవచ్చు, లేకుండా పోతే ఎవరిని బతిమాలుకోవాలి?

అమెరికాలో మన బెండు!

2023లో మా అమ్మాయి పురిటికని కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోకు వెళ్ళాం. మామగారి దిగులు చూసి మా అల్లుడు జూలైలో ఒక శనివారం, "మామయ్యా, రేపు మనం చేపలకు పోతున్నం" అన్నాడు. మావారు నా వంక చూశారు. పరాయి దేశంలో, అల్లుడి ముందు నేనేం అనగలను? "నేను కూడా వస్తా" అన్నాను.

మూడు గంటల కారు ప్రయాణం చేసి రెడ్డింగ్ అనే ఊరికి చేరాం. దిగితే ఏముంది, అచ్చం మన రామగుండం ఎండే! అక్కడ కూడా వేసవిలో 40 డిగ్రీలు దాటుతుందట. ఊరి మధ్య నుంచి శాక్రమెంటో నది పోతుంది. కాలిఫోర్నియాలో అన్నింటికంటే పెద్ద నది అదే. దాని మీద అద్దాల పలకల వంతెన ఒకటి ఉంది. అక్కడ నిలబడి చూస్తే కింద నీళ్ళు పచ్చగా, వడిగా పోతున్నాయి. గట్టు దిగి చెయ్యి పెట్టాను. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళే!

ఇంత ఎండలో ఇంత చల్లటి నీళ్ళెలా వచ్చాయని అడిగితే అల్లుడు విడమరచి చెప్పాడు. ఊరికి ఎగువన శాస్తా డ్యాం ఉంది. 1945లో కట్టడం పూర్తయింది. ఎత్తు 183 మీటర్లు. అంత లోతైన జలాశయంలో ఎండ వేడి పైనే ఆగిపోతుంది, అడుగున నీళ్ళు చల్లగా ఉండిపోతాయి. ఆ చల్లని నీళ్ళను ఏటిలోకి వదలడానికి 1997లో డ్యాంకు ప్రత్యేకంగా ఒక ఏర్పాటు కూడా చేశారట. అందుకే మండుటెండల ఊళ్ళో కూడా చలిదేశపు చేప బతుకుతోంది. ఆ చేపే రెయిన్‌బో ట్రౌట్.

దీని పక్కల పొడవునా గులాబీరంగు చార, ఒంటినిండా నల్లని చుక్కలు. ఎండలో తిప్పితే ఇంద్రధనుస్సులా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. ఉత్తర అమెరికా పడమటి తీరపు నదులు దీని పుట్టిల్లు. ఈ శాస్తా జలాశయంలో కలిసే మెక్‌క్లౌడ్ నది దగ్గర 1872లోనే చేపగుడ్లు పొదిగించే కేంద్రం పెట్టి, ఆ ప్రాంతం నుంచి ట్రౌట్ గుడ్లను దూరదేశాలకు పంపారట. ఆ పాత కేంద్రం ఉన్న చోటు ఇప్పుడు జలాశయం కింద మునిగి ఉంది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, నీలగిరి కొండల ఏళ్ళలోనూ ట్రౌట్ ఉంది. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే దానికి అవస్థ మొదలవుతుంది. మన గోదారి ఎండాకాలపు నీళ్ళలో వేస్తే గిలగిల్లాడిపోతుంది!

దీన్ని పట్టే పద్ధతి పేరు ఫ్లై ఫిషింగ్. అంటే ఈగ గాలం. ట్రౌట్ నీళ్ళలో పుట్టే చిన్న చిన్న పురుగుల్ని తింటుంది. మన దగ్గర తొలకరి పడగానే దీపాల చుట్టూ ఉసిళ్ళు లేస్తాయే, అలాగే ఆ ఏటి నీళ్ళలోంచి రెక్కల పురుగులు గుంపులుగా పైకి లేస్తాయి. వాటిని పోలిన బొమ్మపురుగును తయారుచేసి కొక్కెం మీద కడతారు. కోడిపుంజు మెడ ఈకలు, సన్నని దారం, కాస్త ఉన్ని, మెరిసే తీగ... ఇదీ సామగ్రి. మనం చీర కొంగుకు కుచ్చులు కట్టినంత ఓపికగా కట్టాలి. పడవ నడిపే గైడు తన పెట్టె తెరిచి చూపిస్తే వందల పురుగులు, చిటికెనవేలి గోరు కంటే చిన్నవి, వరసగా గుచ్చి ఉన్నాయి. నాకయితే ఎంబ్రాయిడరీ పెట్టె చూసినట్టే ఉంది.

అంత తేలిక పురుగును దూరంగా విసరడం ఎలా? మన గాలానికి సీసం గుండు బరువు. వాళ్ళకు దారమే బరువు! లావుపాటి దారాన్ని తలమీదుగా వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే అది గాలిలో సాగి వెళ్ళి నీళ్ళమీద వాలుతుంది. మావారు మొదట్లో తన టోపీనే పట్టుకున్నారు. తర్వాత గైడు మరో పద్ధతి చూపించాడు. పురుగును నీళ్ళ లోపల నడిపిస్తూ, పైన చిన్న రంగు ఉండ తేలేట్టు కట్టడం. ఉండ మునిగితే చేప తగిలినట్టు. మావారు ఎగిరి గంతేశారు. "ఇది మన బెండే! గోదారి బెండే!" రెండేళ్ళ తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను.

మూడోసారి బెండు మునిగింది. కిలో తూగే ట్రౌట్ వచ్చింది. నేను మనసులో పులుసుకు చింతపండు నానబెట్టేశాను! గైడు మాత్రం చేతులు తడుపుకుని, చేపను నీళ్ళలోనే ఉంచి, కొక్కెం సుతారంగా తీసి వదిలేశాడు. కొక్కేనికి లోపలి ముల్లు లేదు కాబట్టి ఇట్టే ఊడింది. "పట్టిన చేపను ఇడుసుడేంది, పిచ్చి కాకపోతె!" అన్నాను పైకే. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురు పోయి జబ్బుపడుతుందని, వదిలిన చేప గుడ్లు పెడితేనే వచ్చే ఏడు తన పడవకు పని ఉంటుందని గైడు చెబితే అల్లుడు తెలుగులో చెప్పాడు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. విత్తనాల వడ్లు వండుకు తినే రైతుంటాడా?

నన్ను కదిలించింది మాత్రం చేప కాదు. పొద్దున పడవ ఎక్కకముందు ఆ గైడు చేసిన పని. ఫోను తీసి, ఆ రోజు డ్యాం నుంచి ఏటిలోకి ఎన్ని నీళ్ళు వదులుతున్నారో చూశాడు. తర్వాత మా ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగి, బకిళ్ళు తనే లాగి చూశాడు. రోజూ ఆ ఏటి మీదే బతికే మనిషి! "ముప్పయ్యేళ్ళుగా ఇదే ఏరు, నాకు తెలియదా?" అనుకోలేదు. మావారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరికీ ఆ బండే గుర్తొచ్చింది.

నా షరతులు

ఇంటికి వచ్చాక నేనే బజారుకెళ్ళి కొత్త వెదురుకర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఊరికే పెట్టలేదు సుమా! అయిదు షరతులు కాగితం మీద రాసి, సంతకం చేయించుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మీ ఇంట్లో కూడా గాలం పిచ్చివాళ్ళుంటే పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి: నీళ్ళ లెక్క తెలియకుండా గుమ్మం దాటకూడదు. వానాకాలంలో ఎల్లంపల్లికి ఎంత నీరు వస్తోంది, ఎంత వదులుతున్నారు అనేది పేపర్లో వస్తుంది, ఫోన్లోనూ తెలుస్తుంది. క్యూసెక్కు అంటే ఏమిటో అని భయపడకండి. సెకనుకు 28 లీటర్లు, అంటే సుమారు రెండు బిందెలు. లక్ష క్యూసెక్కులు వదిలారంటే సెకనుకు రెండు లక్షల బిందెలు వస్తున్నాయన్నమాట! మన ఊళ్ళో ఎండ కాస్తున్నా సరే, ఎగువన గేట్లెత్తితే ఏరు లేస్తుంది. సైరన్ వినిపిస్తే అది ఏ సైరనని ఆలోచించకూడదు. ముందు గట్టెక్కాలి.

రెండు: ఒంటరిగా వద్దు, ఏటి మధ్యకు వద్దు, చీకటి పడనివ్వద్దు. ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ ఉండాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక సుందిళ్ళలో నీళ్ళు కూడా వదిలేశారు. మా దగ్గర నిండు గోదారి మళ్ళీ ఇసుకా మడుగులూ అయింది. మడుగే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. పైకి మోకాటిలోతు కనిపించేచోట అడుగున పెద్ద గుంట ఉండవచ్చు.

మూడు: తొలకరి నుంచి రెండు నెలలు గాలం అటక మీదే! బొచ్చె, రవ్వ వంటివి కొత్తనీటిలో ఎదురెక్కి గుడ్లు పెట్టే కాలమది. కడుపు ఉబ్బిన చేప దొరికితే చేతులు తడుపుకుని వదిలెయ్యాలి. ఇక కొర్రమట్ట సంగతి వింటే మీ కళ్ళు చెమరుస్తాయి. తెలంగాణ రాష్ట్రపు చేప ఇదే. ట్రౌట్‌కు చల్లటి తేట నీళ్ళు కావాలి గాని, దీనికి బురదగుంటయినా ఫరవాలేదు. పైకి వచ్చి గాలి పీల్చి బతుకుతుంది. అందుకే బజారులో తొట్టిలో బతికుండగానే అమ్ముతారు. ఇది నాచులో గూడు కట్టి గుడ్లు పెట్టి, పిల్లలు పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఎర్రటి చిన్న చిన్న పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే దాని కిందే పెద్దది ఉందని అర్థం. పిల్లల మీదికి వచ్చినదాన్ని అది కోపంగా కరుస్తుంది కాబట్టి అక్కడ గాలానికి సులువుగా తగులుతుంది. ఆ ఒక్క చేప పోతే కాపలా లేని పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. పిల్లలతల్లిని పట్టిన చేప నా గిన్నెలో ఉడకదు అని ఖండితంగా చెప్పేశాను.

నాలుగు: తినేంత మాత్రమే తేవాలి. చెరువయితే మత్స్యకారుల సొసైటీవాళ్ళను అడక్కుండా గాలం వెయ్యకూడదు. అది వాళ్ళ పంట. మనది సరదా, వాళ్ళది బతుకు. మందుగుండు పేల్చీ, విషం కలిపీ చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నేరమంది. కరెంటు తీగలు పెట్టేవాళ్ళ పక్కన నిలబడటం కూడా ప్రాణాపాయమే. తెగిన తంగూసు ముక్కల్ని గట్టుమీద వదలకుండా ఇంటికి తెచ్చెయ్యాలి. కొంగల కాళ్ళకు చుట్టుకుంటే వాటి ప్రాణం పోతుంది.

అయిదు: తెచ్చినాయనే కడగాలి! పొలుసు తీసి, చేదుతిత్తి పగలకుండా తీసి, ముక్కలు కోసి, కోసిన చోటు కడిగి నాకిస్తేనే పొయ్యి వెలుగుతుంది. ఈ షరతు చదివినప్పుడు మాత్రం మావారు "గిదేం అన్నాలం!" అని మొత్తుకున్నారు. అయినా సంతకం పెట్టారు.

ఆడవాళ్ళకు గాలం పనికిరాదా?

ఇన్నేళ్ళూ నేను కూడా ఇది మగవాళ్ళ వ్యవహారమే అనుకున్నాను. రెడ్డింగ్ గట్టుమీద నాలాంటి వయసు ఆడవాళ్ళే టోపీలు పెట్టుకుని గాలాలు వేస్తుంటే ఆశ్చర్యపోయాను. ఇంగ్లీషులో గాలం గురించి అచ్చయిన తొలి పుస్తకం 1496లో వచ్చింది. దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. స్కాట్లండులో టే నది మీద 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ అనే ఆవిడ, తండ్రి పడవ పట్టుకోగా, 64 పౌన్ల సాల్మన్ చేపను గాలంతో పట్టింది. అంటే 29 కిలోలు! బ్రిటన్‌లో గాలానికి పడ్డ సాల్మన్‌లలో ఇప్పటికీ అదే రికార్డు. మన దగ్గర మాత్రం తక్కువా? మగవాళ్ళు వల వేసి తెస్తే బుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మి, లెక్క చూసి, ఇల్లు నడిపేది ఆడవాళ్ళే కదా!

మొన్న ఒక ఆదివారం ఫ్లాస్కులో చాయ్ పోసుకుని నేను కూడా గట్టుమీదికి వెళ్ళాను. ఆయన నాకు కూడా ఒక గాలం కట్టిచ్చారు. రెండు గంటలు బెండు వంక చూస్తూ కూర్చున్నాం. ఎండిన గోదారి, మధ్యలో ఒక్క మడుగు, దూరంగా పొగగొట్టాలు. ఇన్నేళ్ళ కాపురంలో అంతసేపు కబుర్లు చెప్పుకున్న గుర్తు లేదు. బావిలో తొలిరోజు ఎంత భయపడ్డారో ఆ రోజే చెప్పారు. ఇంట్లో చెబితే నేను బెంగపడతానని ఇన్నేళ్ళూ దాచుకున్నారట.

ఒక్క చేప పడలేదు. పొద్దు వాలకముందే లేచి, దారిలో లక్ష్మీనగర్‌లో ఆగి కొర్రమట్ట కొనుక్కుని ఇల్లు చేరాం. ఆయన పెరట్లో కూర్చుని బూడిద రుద్ది కడుగుతుంటే నేను చింతపండు నానబెట్టాను.

కొర్రమట్ట పులుసు

కావలసినవి: కొర్రమట్ట ముక్కలు 1 కిలో, ఉల్లిపాయలు 3, చింతపండు పెద్ద నిమ్మకాయంత, అల్లంవెల్లుల్లి ముద్ద 2 చెంచాలు, కారం 3 చెంచాలు, పసుపు అర చెంచా, ఎండుకొబ్బరి చిన్న చిప్ప, ధనియాలు 2 చెంచాలు, జీలకర్ర 1 చెంచా, మెంతులు పావు చెంచా, పచ్చిమిర్చి 4, కరివేపాకు, కొత్తిమీర, నూనె, ఉప్పు తగినంత.

తయారుచేసే విధానం: కొర్రమట్ట ఒంటి జిగురు పోవడానికి బూడిదో, కల్లుప్పో రుద్ది బండమీద రాసి కడగాలి. బురదవాసన ఉంటే ముక్కల్ని పుల్లటి మజ్జిగలో పావుగంట ఉంచి మళ్ళీ కడగండి. తర్వాత ఉప్పు, పసుపు, సగం కారం, సగం అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట పక్కన పెట్టాలి. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఎండుకొబ్బరి దోరగా వేయించి పొడి చేసుకోవాలి. మెంతులు మాడితే పులుసంతా చేదవుతుంది, జాగ్రత్త. రెండు ఉల్లిపాయల్ని నిప్పులమీద కాల్చి మెత్తగా నూరాలి. వెడల్పాటి గిన్నెలో, మట్టిమూకుడు ఉంటే మరీ మంచిది, నూనె కాగాక సన్నగా తరిగిన మూడో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, మిగిలిన అల్లంవెల్లుల్లి, నూరిన ఉల్లిముద్ద, మిగతా కారం వేసి నూనె తేలేదాకా వేయించాలి. చింతపండు పులుసు పోసి బాగా తెర్లాక ముక్కలు ఒక్కొక్కటిగా వదలాలి. ఇక గరిటె పెట్టకూడదు. గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి. పావుగంట ఉడికాక మసాలాపొడి, కొత్తిమీర చల్లి దించాలి. వెంటనే తినకుండా రెండు మూడు గంటలు ఆగితే పులుసు ముక్కకు పడుతుంది. మరునాటి పొద్దున సద్దన్నంలోకి అయితే ఇంక చెప్పనక్కరలేదు!

కొనేటప్పుడు: మొప్పలు ఎర్రగా, కళ్ళు తేటగా ఉబ్బి ఉండాలి. వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి. కళ్ళు లోపలికి పోయి, మొప్పలు గోధుమరంగుకు తిరిగితే ఎంత చవకయినా వద్దు.